పుట్టపర్తికి మూడు గంటలు

మా మామకు వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉండేది. గార్లదిన్నె దగ్గరి మా ఊరి నుంచి అనంతపురం ఆసుపత్రి పెద్ద దూరమేమీ కాదు. బస్సు దొరికితే ముప్పావు గంట. కానీ పొద్దున్నే వంట చేసి బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయేది. రోడ్డు దాకా మామను నడిపించుకుని రావడం, బస్సు కోసం నిలబడడం, దిగాక ఆటో కోసం నిలబడడం, వార్డు ముందు పేరు పిలిచేదాకా కూర్చోవడం. ఆ తర్వాత మిషన్ మీద నాలుగు గంటలు. సూదులు తీశాక నెత్తురు ఆగేదాకా ఇంకొంచెంసేపు. మా ఆయన లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. అందుకని ఆ పని నాకే మిగిలింది. రెండేళ్ళు అట్లా తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండేళ్ళూ ఒకటే రోజు అనిపిస్తుంది.

వార్డు బయట వరండాలో ఒక సిమెంటు బెంచీ ఉండేది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను అక్కడే పనిచేసుకునేదాన్ని. పుట్టింటివాళ్ళది ధర్మవరంలో మగ్గం పని. నాకు చిన్నప్పుడే కళ్ళద్దాలు పడితే, దారాలు లెక్కపెట్టే పని దీనికి వద్దని మా నాయన టైపు నేర్పించాడు. ఆ టైపే ఎట్లెట్లో తిరిగి నన్ను ఈ పనిలోకి తెచ్చింది. ఒక వెబ్‌సైటుకు తెలుగు పేజీలు రాయాలి. రెండు విమానాశ్రయాల పేర్లు పంపుతారు. మ్యాపు మీద రెండుచోట్లా చుక్క పెడితే మధ్యన ఒక గీత పడుతుంది. ఆ గీత పొడవు దూరం. ఆ దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే వచ్చేది ప్రయాణ సమయం. దాని కింద రెండు మూడు పేరాలు రాసి పంపాలి. రోజుకు ఇరవై పేజీలు.

వాళ్ళు పంపే పేర్లలో చాలావాటి మధ్య విమానాలే తిరగవు. ఒకటి మంచు దేశంలో ఉంటుంది, ఇంకొకటి సముద్రం మధ్యన దీవిలో. మొదట్లో ఆ ఊర్లు ఎట్లుంటాయో బొమ్మలు తీసి చూసేదాన్ని. తర్వాత చూడడం మానేశాను. ఒకసారి మా సూపర్‌వైజరును ఫోన్లో అడిగాను, విమానమే లేనిచోట ప్రయాణ సమయం ఎక్కడిది సార్ అని. "మనం లెక్క చెప్తున్నామమ్మా, టికెట్ అమ్మడం లేదు కదా" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

మామ పక్క మంచం మీద ఎప్పుడూ ఒకే మనిషి పడుకునేవాడు. ముదిగుబ్బ ఆయన, యాభై దాటిన మనిషి, పరుపులు కుట్టడం వృత్తి. తురక కుటుంబమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొదటి రోజే ఆసుపత్రి పరుపును వేళ్ళతో నొక్కి చూసి, "దీన్ని కుట్టినోడెవడో గాని వానికి చేతకాలేదు" అన్నాడు. మామ పగలబడి నవ్వాడు. మాటల్లో తెలిసింది, మామ బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు కదిరి వైపు తోలిన బస్సు మీదనే ఈయన పరుపుల చుట్టలు వేసుకుని తిరిగేవాడని. ఎప్పుడో ఒకసారి టాపు మీద చుట్ట సరిగా కట్టలేదని ఇద్దరూ కొట్లాడుకున్నారట. ఆ కొట్లాట ఎవరికీ సరిగ్గా గుర్తులేకపోయినా దాన్ని చెప్పుకుంటూ నాలుగు గంటలు గడిపేవాళ్ళు. ఆయన భార్య నాతోపాటు బెంచీ మీద కూర్చునేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లీ అనేది.

ఆయనకు ఒక తమ్ముడున్నాడు. పదిహేనేళ్ళు చిన్నవాడు. తల్లిదండ్రులు ముందే పోతే అన్నే సాకాడు. ఈ తమ్ముడు ఇక్కడ బోరు బండి మీద పనిచేసేవాడు. రాత్రింబవళ్ళు తవ్వినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు చూసి చూసి విసిగి, ఒక కాంట్రాక్టరు వెంట అరుణాచల్ ప్రదేశ్‌లో సొరంగం తవ్వే పనికి పోయాడు. కొండకు చిల్లు వేసే మిషన్ తోలేవాడు. వారానికి ఒకసారి సిగ్నలున్న చోటికి దిగి వచ్చి అన్నకు వీడియో కాల్ చేసేవాడు. వెనకాల పెద్ద నది పారుతుండేది.

అన్న ఆ ఫోను ఎత్తిపట్టి వార్డంతా చూపించేవాడు. "చూడండప్పా, నీళ్ళు! ఎన్ని నీళ్ళో చూడండి!"

ఆ వార్డులో ఉన్నవాళ్ళకు రోజుకు తాగాల్సిన నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇస్తారు. అందరూ తలలు తిప్పి చూసేవాళ్ళు.

ఒకరోజు నాకొచ్చిన జాబితాలో పాసీఘాట్, పుట్టపర్తి పేర్లు జంటగా కనిపించాయి. పాసీఘాట్ అంటే ఆ తమ్ముడు పనిచేసే కొండల కింద ఉన్న చిన్న విమానాశ్రయం. పుట్టపర్తి ముదిగుబ్బకు దగ్గరే. ఇన్ని నెలల్లో నాకు తెలిసిన మనుషులకు సంబంధించిన పేజీ అదొక్కటే. సంబరపడి లోపలికి పోయి చెప్పాను.

"అన్నా, మీ తమ్ముడుండే చోటి నుంచి పుట్టపర్తికి రెండు వేల మూడు వందల ఎనభై కిలోమీటర్లు. విమానంలో మూడు గంటలు."

"అంతేనామ్మా? మూడు గంటలేనా?" అన్నాడు ఆయన. పడుకున్నవాడు లేవబోయాడు. నర్సు కేక వేసింది. "మూడు గంటలంటే మా ఊరి నుంచి ఈడికొచ్చి పోయినంత కూడా లేదు కదప్పా! వాడు ప్రపంచం అవతల ఉండాడని ఇన్నాళ్ళూ అనుకుంటి."

అప్పుడు చెప్పాల్సింది. పుట్టపర్తిలో మామూలు మనుషులకు టికెట్ అమ్మే విమానం దిగదని, అది మ్యాపు మీద గీసిన గీత మాత్రమేనని ఒక్క మాట చాలు. చెప్పలేదు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. అదొక్కటే కాదు, ఆరోజు నాకు బాగా అలసటగా ఉంది, విడమరిచి చెప్పే ఓపిక లేదు. పేజీ తన ఫోనుకు పంపమంటే పంపాను. ఆయన నా ముందే తమ్ముడికి పంపాడు. "చూడ్రా, మూడు గంటలే" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

తర్వాత నాలుగైదు నెలలకు ఆయన పోయాడు.

పొద్దున మొదటి షిఫ్టులో మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయింది. డాక్టరు పరుగెత్తుకుని వచ్చాడు, తెర వేశారు. మామది ఆరోజు రెండో షిఫ్టు కావడంతో ఇద్దరం బయట బెంచీ మీద ఉన్నాం. అక్క నా పక్కనే కూర్చుని చేతిసంచీలో ఏదో వెతుకుతోంది. నర్సు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అక్క ఏడవలేదు. సంచీ మూతి ముడి వేసి లేచి లోపలికి పోయింది.

అనంతపురంలోనే ఉండే ఆయన చిన్నాయన అరగంటలో వచ్చాడు. తెల్లగడ్డం పెద్దమనిషి. తోడుగా ఇంకో ఇద్దరు. వాళ్ళ మతంలో, పోయిన మనిషిని ఎంత త్వరగా ఖబరస్తాన్‌కు చేరిస్తే అంత మంచిది. ఊరికి ఫోన్లు చేశారు, అంబులెన్సుకు చెప్పారు. తమ్ముడికి ఫోను కలవలేదు. అతని పనిచోట ఆఫీసులో ఎవరికో చెప్పి పెట్టారు. కాసేపటికి అక్క ఫోనుకు తమ్ముడి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆమె అందరికీ వినపడేలా పెట్టింది.

"వదినా, బయలుదేరినా. జీపు ఎక్కినా. అన్న పంపినాడు కదా, మూడు గంటలే అని. నేను వచ్చేదాకా మట్టి చేయొద్దండి. ముఖం చూడాల నేను. చిన్నాయనకు చెప్పు, ఉంచమను."

మళ్ళీ చేస్తే ఫోను పలకలేదు. కొండల్లో ఉంటాడు, సిగ్నలు ఉండదు అన్నారు. అక్క తన భర్త ఫోనులో నేను రాసిన పేజీ తీసి చిన్నాయన చేతికిచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఇప్పుడు తొమ్మిదయింది. జీపుకు ఇంత అనుకో, విమానం మూడు గంటలు. పుట్టపర్తి నుంచి బండి పంపిస్తే సందకాడికి ఇంట్లో ఉంటాడు. మగ్రిబ్ దాకా ఉంచుదాం" అన్నాడు. పొద్దు గూకినాక చేసే నమాజు అది. తక్కినవాళ్ళు తలలూపారు.

అక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "వాడొస్తే చాలు" అంది.

అంతమంది మగవాళ్ళ మధ్యకు పోయి ఏమని చెప్పాలి? మామ నా వైపు చూశాడు. నేను మూడు గంటలని చెప్పిన రోజు పక్క మంచం మీద మామ ఉన్నాడు, నా మాట విన్నాడు.

"మ్మా, ఆ మూడు గంటల మాట నువ్వు చెప్పిందే కదా?" అన్నాడు మెల్లగా.

"అవును మామా."

"నిజమేనా అది?"

"కాదు. ఆడినుంచి ఈడికి విమానమే లేదు."

"అయితే ఇంగా కూర్చోనుండావేమి? లేచి పోయి చెప్పు."

లేచి పోయాను. ఎట్లా మొదలుపెట్టానో గుర్తులేదు. పాసీఘాట్ నుంచి పుట్టపర్తికి విమానం లేదని, మూడు గంటల్లో రావడం కుదరదని అన్నాను.

"ఈడ రాసిండారు కదమ్మా" అని చిన్నాయన ఫోను నా ముందు పెట్టాడు.

"అది రాసింది నేనే పెదనాయనా."

ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ళలో ఒకతను, "నువ్వే రాసి నువ్వే కాదంటే ఎట్లమ్మా?" అన్నాడు. మ్యాపు, గీత, భాగహారం అన్నీ చెప్పాను. చెప్పేకొద్దీ నాకే వెర్రిమాటల్లా వినిపించాయి. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా మాట మీద నమ్మకం కలిగినట్టు లేదు. తమ్ముడు బయలుదేరాడు, ముఖం చూడాలని అడిగాడు, రాసింది ఉంది. ఎవరో ఒక ఆడమనిషి వచ్చి కాదంటోంది.

అప్పుడు మామ చేతికర్ర పట్టుకుని వచ్చాడు.

"నేను ముప్పై ఏండ్లు బస్సు తోలినా. నా మాట వినండి" అన్నాడు. "వాడుండే కొండ మీదనుంచి విమానం దిగే ఊరికి ఎంతసేపు?"

"సగం రోజు జీపులో అని చెప్తాండె" అంది అక్క.

మామ వేలు మడిచాడు. "ఆ ఊర్లో విమానం దినామూ ఉంటుందా?" ఇది నన్నడిగాడు.

"ఉండదు మామా. చిన్న విమానం. ఉన్న రోజు గౌహతి దాకా పోతాది."

"గౌహతి దిగి?"

"కలకత్తా. ఆడినుంచి బెంగళూరు."

"బెంగళూరు నుంచి ముదిగుబ్బకు నాకు తెలుసులే." మామ ఒక్కొక్క చోటికీ ఒక్కొక్క వేలు మడుస్తూ పోయాడు. పోయేసేపు ఒక వేలు, దిగి నిలబడేసేపు ఇంకొక వేలు. రెండు చేతులూ అయిపోయాయి. "బండి పోయేసేపు ఎవురైనా చెప్తారు. నిలబడేసేపు ఎవురూ చెప్పరు. అన్నీ కలిసొస్తే ఎల్లుండి వస్తాడు. కలిసి రాకుంటే అది కూడా చెప్పలేము."

మా మామను చిన్నాయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ వేళ్ళ లెక్క నమ్మాడని ముఖంలో తెలిసింది. అక్క వైపు తిరిగి, "ఏమ్మా, ఏం చేద్దాం?" అన్నాడు.

అక్క కళ్ళు తెరిచింది. "రెండు దినాలు ఈ ఎండల్లో ఎట్ల ఉంచేది చిన్నాయనా? ఆయనకు కష్టం కాదా? పోదాం పాండి."

పోయేముందు నా దగ్గర ఆగింది. "ఈ మాట ముందే చెప్పింటే వానికి చెప్పేవాళ్ళం కదా చెల్లీ. వాడు ఇంకో దారి చూసుకునేవాడు." కోపంగా అనలేదు. అని, అంబులెన్సు వెనక తలుపు దగ్గరికి నడిచింది.

వాళ్ళు పోయాక మామను పిలిచారు. పక్క మంచం మీద దుప్పటి మార్చి అప్పటికే ఇంకొకరిని పడుకోబెట్టారు. నేను బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆరోజు కూడా పేజీలు రాశాను. ఇరవై కాలేదు, పదకొండు రాశాను. ఏయే ఊర్ల పేర్లో చూడలేదు.

తర్వాత పది రోజులకనుకుంటా, ఆ తమ్ముడు వార్డుకు వచ్చాడు. వీడియోలో చూసిన ముఖమే, కానీ బాగా నల్లబడి చిక్కిపోయి ఉన్నాడు. "బస్సు డ్రైవరు పెద్దాయన ఎవురు?" అని నర్సును అడిగి మామ మంచం పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను.

తన ప్రయాణం అతనే చెప్పాడు. జీపు దారిలో కొండచరియ విరిగిపడి ఒక పూటంతా ఆగిపోయింది. మర్నాడు విమానాశ్రయం చేరి పుట్టపర్తికి టికెట్ ఇమ్మన్నాడు. కౌంటరులో అమ్మాయికి ఆ ఊరి పేరే తెలియదు.

"ఫోను చూపిచ్చి కొట్లాడినా పెద్దాయనా. ఆ యమ్మి మంచిది, మళ్ళా మళ్ళా వెతికింది. నేనే ఇనలేదు. మా బాసలో రాసిండారు, అబద్ధం ఎట్లయితాది అంటి. హిందీలో ఉండింటే ఇద్దరు ముగ్గురిని అడిగేవాన్నేమో. తెలుగులో ఉండాది కదా అని ఎవుర్నీ అడగలే."

గౌహతికైనా పోదామంటే మబ్బు కమ్మి ఆ రోజు విమానం రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజు బస్సులో నది దాటి రైలు స్టేషనుకు పోయి, దొరికిన రైలెక్కి, జనరల్ బోగీలో నిలబడీ కూర్చునీ వచ్చాడు. ముదిగుబ్బలో దిగి ఇంటికి పోకుండా, సంచీ భుజాన వేసుకునే ఖబరస్తాన్‌కు పోయాడు.

"కొత్త సమాధి కదా, మట్టి పచ్చిగా ఉంటుందనుకుంటి. మా పనికాడ తవ్విన మట్టి ఏండ్లైనా ఆరదు. ఈడ తెల్లగా ఎండిపోయి, పాతదాని మాదిరే ఉండాది. ఏది మా అన్నదో ఇంకొకరు వచ్చి చూపిచ్చాల్సొచ్చె."

మామ ఖాళీగా ఉన్న చేత్తో అతని మోకాలు తట్టాడు. నేను అప్పుడు చెప్పాను, ఆ పేజీ రాసింది నేనేనని. వదిన చెప్పి ఉంటుంది, అతనికి ఆశ్చర్యం వేయలేదు. తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వు ఎప్పుడైనా విమానం ఎక్కినావాక్కా?"

"లేదు."

"మరి ఎట్ల రాసినావు?"

తప్పయింది తమ్ముడూ అన్నాను. అతను సరేననీ అనలేదు, పర్లేదనీ అనలేదు. "దాన్ని మార్చు" అన్నాడు.

అక్కడే మార్చాను. అతను పక్కన నిలబడి చూశాడు. 'ఈ రెండు ఊర్ల మధ్య విమానం లేదు. రోడ్డు మీద, రైలులో వస్తే ఐదారు రోజులు పట్టవచ్చు' అని మొదటి వాక్యంగా పెట్టాను. అతను రెండుసార్లు చదువుకుని తలూపాడు. ఆ సాయంత్రం మామను బస్సు దాకా ఎత్తుకున్నంత పని చేసి నడిపించి, సీటులో కూర్చోబెట్టి దిగిపోయాడు.

మర్నాడు సూపర్‌వైజరు ఫోను చేశాడు, పేజీ పద్ధతి ఎందుకు మార్చావని. జరిగింది చెప్పాను. విమానం లేదన్న వాక్యం ఉంచుకోమని, ఐదారు రోజుల మాట తీసేయమని, ఆ వాక్యం కూడా పైన కాకుండా చివర్లో పెట్టమని అన్నాడు. తక్కిన పేజీలకు కూడా అట్లా రాస్తానంటే, తీరిక ఉంటే రాసుకోమన్నాడు. కొన్నింటికి రాశాను. అన్నింటికీ కుదరలేదు. నేను రాసినవి వేలల్లో ఉన్నాయి, ఏ జంట మధ్య విమానం ఉందో చూడడానికే ఒక్కొక్కదానికి పావుగంట పట్టేది. ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. కొత్తవాటికి మాత్రం తప్పకుండా రాస్తాను.

నలభయ్యో రోజు అన్న పేర ఫాతిహా చదివించాక ఆ తమ్ముడు మళ్ళీ పనికి పోయాడు. ఇక్కడ బోరు బండ్లకు పనిలేదు. పోయేముందు మామకు ఫోను చేశాడు. బెంగళూరులో రైలెక్కి మళ్ళీ చేశాడు. మర్నాడు మామ మిషన్ మీద ఉండగా విజయవాడ దాటిందని చేశాడు.

"ఎంత లేటు?" అన్నాడు మామ.

"రెండు గంటలు పెద్దాయనా."

"డ్రైవరు టైము పట్టుకుంటాడులే, రాత్రికి లైను ఖాళీగా ఉంటాది."

భువనేశ్వర్ నుంచి చేశాడు, జల్పాయిగుడి నుంచి చేశాడు. ఆ తర్వాత ఒక రోజున్నర ఫోను రాలేదు. మామ నన్ను రెండుసార్లు అడిగాడు, ఫోనులో చార్జింగ్ ఉందా అని. ఐదో రోజు పొద్దున మేము బస్సులో ఉండగా మెసేజ్ వచ్చింది, పనిచోటికి చేరానని. మామకు చదివి వినిపించాను.

"సరే" అన్నాడు. కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అనంతపురం వచ్చేదాకా నిద్రపోయాడు.